తాతబ్బాయి చక్కెర చీమల పాలు

తాతబ్బాయి ఇంట్లో తెలివికి కరువు లేదు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ దగ్గరే ఉండిపోయి, మిగతావాళ్ళకి మిగల్లేదే అని ఆయన బాధ. వానలో గొడుగేసుకుని మొక్కలకి నీళ్ళు పోసే కుటుంబం మరి, ఆ మాత్రం గర్వం ఉండదూ?

అలాంటి తాతబ్బాయికి ఒంట్లో చక్కెర ఎక్కువైంది. ఆయన దిగులు దాని గురించి కాదు. మామిడిపళ్ళ రోజులు అయిపోవస్తున్నాయి. సంతలో ఆఖరున దొరికిన బంగినపల్లి పళ్ళు ఇంట్లో బుట్టనిండా ఉన్నాయి, తినాలంటే భయం. పెళ్ళాం మాణిక్యాన్నీ, కొడుకు గవర్రాజునీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్ళాడు.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పండులోనూ చక్కెర ఉంటుంది, అన్నంలో ఉండే పిండీ ఒంట్లోకెళ్ళాక చక్కెరే అవుతుంది. అంతమాత్రాన పండుని వెలివెయ్యక్కర్లేదు. రసం తీసి గ్లాసులకి గ్లాసులు తాగకుండా, ఆ పూట అన్నం కాస్త తగ్గించి ముక్కలు తినమంది. "ఒంట్లో చక్కెర ఎక్కువున్నవాళ్ళు రెండు ముక్కలు హాయిగా తినొచ్చు" అంది.

పసిపిల్లాడికైనా బోధపడే మాట. కానీ వీళ్ళు పసిపిల్లలు కాదుగా, తెలివైనవాళ్ళు.

పండులో చక్కెర ఉంటే తీసేస్తే సరి అన్నాడు గవర్రాజు. అంతే, ఓ పండు ముక్కలు కోసి బిందెలో పడేసి, బట్టలు జాడించినట్టు జాడించారు. నీళ్ళు తియ్యగా అయ్యాయి. చక్కెర దిగిందని ముగ్గురూ సంబరపడ్డారు. తీరా తాతబ్బాయి ముక్క నోట్లో పెట్టుకుంటే ఇంకా తియ్యగానే ఉంది. హడలిపోయి ఉమ్మేశాడు. ఆ నీళ్ళు పారబొయ్యడానికి మనసొప్పక మాణిక్యం మూతపెట్టి దాచింది.

చక్కెర ఎక్కడున్నా పట్టేసేవి చీమలే కదా అని ఆవిడకి తట్టింది. ఇంకేముంది, పళ్ళు కోసి చీమలపుట్ట దగ్గర పరిచారు. చీమలు చక్కెర తీసుకుని పండు మనకి వదిలేస్తాయని పీటలేసుకుని కూర్చున్నారు, బుద్ధిమంతులు. చీమలు చక్కెరతోపాటు పండు కూడా పట్టుకుపోయాయి. టెంకలు మిగిలాయి. బుట్ట అడుగున ఒకే ఒక్క పండు ఉండిపోయింది. దాన్ని చూస్తే తాతబ్బాయికి ఏడుపొచ్చింది.

అప్పుడు వెలిగింది ఆయన బుర్ర. "అసలు చక్కెర ఉన్నది నా ఒంట్లో కదా! పళ్ళనెందుకు పడుకోబెట్టడం? నన్నే పడుకోబెట్టండి" అన్నాడు. మొగుడి తెలివికి మాణిక్యం కళ్ళు చెమర్చాయి. దాచిన తియ్యనీళ్ళు ఆయన ఒళ్ళంతా పట్టించి, పుట్ట పక్కన చాపేసి పడుకోబెట్టారు. ఎర్రచీమలు బారులు కట్టాయి. తాతబ్బాయి కెవ్వుమంటుంటే, చక్కెర వదిలేటప్పుడు ఆ మాత్రం నొప్పి ఉంటుంది, ఓర్చుకోండని మాణిక్యం బతిమాలింది. లేచేసరికి ఆయన మొహం బూరెలా పొంగింది. అయినా మనసు బుట్టలో పండు మీదే ఉంది. ఇక తినొచ్చు కదా.

గవర్రాజుది జాలిగుండె. నాన్న చక్కెరంతా చీమలకెక్కిపోయిందే, వాటి గతేంటని బెంగపడ్డాడు. అంతే, అందినన్ని చీమల్ని డబ్బాలో పట్టుకుని ముగ్గురూ మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు, వీటికి మందు రాసివ్వమని.

ఆవిడ తల పట్టుకుంది. తాతబ్బాయి దద్దుర్లకి మందు పూసి, "చక్కెర ఉన్నవాళ్ళు రెండు ముక్కలు తినొచ్చు. నేను చెప్పింది ఇంతే. ఇక వెళ్ళండి" అని పంపేసింది.

ఇంటికొచ్చి ఆఖరి పండు కోశారు. తాతబ్బాయి లొట్టలేస్తూ చెయ్యి చాపాడు. గవర్రాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నీకిప్పుడు చక్కెర లేదుగా నాన్నా. ఉన్నవాళ్ళు తినొచ్చంది గానీ, లేనివాళ్ళు తినొచ్చని ఆవిడ చెప్పలేదు."

తాతబ్బాయి ఆలోచించాడు. నిజమేననిపించింది. ఇంత తెలివైన కొడుకుని కన్నందుకు ఛాతీ పొంగింది. వాచిన వేళ్ళతో తనే ఆ పండుని సన్నగా, ఇంకా సన్నగా, చీమకి రెండేసి ముక్కలొచ్చేలా తరిగి డబ్బాలో వేశాడు. ఈ పూట అన్నం కాస్త తగ్గించుకోమని చీమలకి మరీమరీ చెప్పి, వేళ్ళకంటిన రసం నాకకుండా శుభ్రంగా కడిగేసుకున్నాడు.