ముట్టుకుంటే తెరుచుకున్న తలుపు

రైసుమిల్లు భుజంగరావుగారు తన కారు తలుపు తానెన్నడూ తీసి ఎరగరు. బావమరిదిని డ్రైవరుగా పెట్టుకోవాలని, కారు రెండో తాళంచెవి డ్రైవరు దావీదే కాజేశాడని ఊరంతా చాటారు.

కొత్త తాళం చేయడానికి మస్తానమ్మ వచ్చింది. ఉన్న తాళాన్ని వీధి చివరి టీకొట్టుకు పంపించి, మూసి ఉన్న కారు తలుపు పిడిని ముట్టుకోమని దావీదుకు చెప్పింది. కారు ఉలకలేదు.

“ఏమిటే ఈ తంతు?” అన్నారు భుజంగరావుగారు వింతగా చూస్తూ.

“కొత్త తాళాన్ని కారుకు నేర్పేముందు చూసుకోవాలండి. తమరూ ఓసారి ముట్టుకోండి.”

ఆయన చెయ్యి పడగానే కారు కుయ్‌మంది, తలుపు తెరుచుకుంది.

“ఇదేం మాయే!”

“మాయ కాదండి. తాళం జేబులో ఉన్నవాళ్లకే ఈ తలుపు తెరుచుకుంటుంది. రోజూ తలుపు తీసే దావీదుకు ఆ సంగతి తెలుసు.”