ఆకాశంలో సీటు, ఇసుకలో వరుస

అనగనగా ఒక సరుగుడు అడవి. అడవి అయిపోయిన చోట ఇసుక, ఇసుక అయిపోయిన చోట సముద్రం. ఆ ఇసుకలో గుల్లపీతలు కాపురం ఉండేవి. గుల్లపీత అంటే ఏంటో చెప్తా వినండి పిల్లలూ. దాని ముందుభాగం గట్టిగా ఉంటుంది, వెనకభాగం మెత్తగా ఉంటుంది. ఆ మెత్తటి ఒంటిని దాచుకోవడానికి అది ఖాళీ నత్తగుల్లలో దూరుతుంది. ఆ గుల్లనే వీపున మోసుకు తిరుగుతుంది. ఒళ్ళు పెరిగితే ఇల్లు మారాల్సిందే.

ఇల్లు మారడానికి వాటికి ఒక పద్ధతి ఉంది. అల ఒక పెద్ద గుల్లను ఒడ్డున పడేస్తే పీతలన్నీ వరుసలో నిలబడతాయి. పెద్దది ముందు, దానికన్నా చిన్నది వెనక. మొదటి పీత కొత్త గుల్లలో దూరుతుంది. అది వదిలిన దాంట్లోకి రెండోది, రెండోది వదిలిన దాంట్లోకి మూడోది. చిటికెలో అందరికీ ఇల్లు దొరుకుతుంది. కానీ ఆ కొత్త గుల్ల మొదటిదానికే సరిపోతుంది, వెనక వాళ్ళకు మరీ పెద్దది. అందుకే మొదటిది కదలకపోతే వెనకున్న వాళ్ళెవరూ కదలలేరు.

ఆ వరుసలో మొదటిది వెంగమ్మ. దాని వెనక అంకమ్మ, ఆ వెనక ఇద్దరు అన్నదమ్ములు, చిట్టచివర పోలి.

వెంగమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అడవికి అవతల నుంచి అప్పుడప్పుడు ఒక రాకెట్టు లేచేది. నేల దడదడలాడేది. అది నిప్పులు కక్కుతూ మబ్బుల్లో దూరిపోతుంటే వెంగమ్మ కళ్ళు నిక్కించి చూసేది. తర్వాత నాలుగు రోజులు తిండి సయించేది కాదు. "నడిచిన ఇసుకలోనే ఎన్నాళ్ళు నడవాలే అంకమ్మా?" అని విసుక్కునేది.

ఒకరోజు కాకి కోటయ్య రొప్పుతూ వచ్చి వాలాడు.

"వెంగమ్మా, విన్నావా? ఇకమీదట రాకెట్టులో గొప్పోళ్ళే కాదంట. మనలాంటి మామూలోళ్ళు కూడా పోవచ్చంట!"

"నాలాంటి పీత కూడానా?"

"పీతేంది, నత్త కూడా పోవచ్చు! నీ కొలత అక్కడ చెప్పేసొచ్చా. ఆ కొలతకే సీటు చేస్తారంట. ఒకటే షరతు. నీ ఒళ్ళు పెరగకూడదు."

ఆ రోజు నుంచి వెంగమ్మ కాలుగాలిన పిల్లి అయిపోయింది. ఒడ్డు మీద అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది, ఆకాశం చూస్తుంది.

వారం తిరక్కుండానే అల ఒక చక్కటి గుల్లను తెచ్చి పడేసింది. పీతలన్నీ గబగబా వరుస కట్టాయి.

"దూరక్కా!" అంది అంకమ్మ.

"నేను దూరను. పెద్ద ఇంట్లోకి పోతే ఒళ్ళు పెరుగుతుంది. సీటు పట్టదు. వచ్చే రాకెట్టుకి నేను పైకి పోతున్నా. అప్పుడు నా గుల్ల నీకే."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట!" అని అంకమ్మ మూతి తిప్పుకుంది.

ఇంతలో పెద్ద అల వచ్చి గుల్లను లాక్కుపోయింది. తర్వాత రాకెట్టు లేచింది. వెంగమ్మను ఎవరూ పిలవలేదు. "ఈసారి కాదంట, వచ్చేసారంట," అన్నాడు కోటయ్య.

రెండో గుల్ల వచ్చింది. అప్పటికి వెంగమ్మకు తన ఇల్లే ఇరుకైపోయింది. ఊపిరాడక పక్కలు నొప్పి పుడుతున్నాయి. అయినా కదల్లేదు. వెనక పోలి పరిస్థితి మరీ ఘోరం. దాని గుల్ల పగిలిపోయింది. మెత్తటి వీపు బయటపడి ఎండకు మండుతోంది.

"అక్కా, పైన నీళ్ళుంటాయా?" అని అడిగింది పోలి.

"ఎందుకుండవు? అన్నీ ఉంటాయి."

"అయితే పోయిరా అక్కా. నువ్వు పోతే నీ ఇల్లు అంకమ్మక్కకు వస్తుంది. అట్లా అట్లా చివరికి నాకూ ఒకటి వస్తుంది. అందాకా నేను ఆగుతాలే."

ఆ గుల్లనూ అల తీసుకుపోయింది. రెండు రోజులకు, మిట్టమధ్యాహ్నం, ఒక గద్ద దిగింది. గుల్లలున్న పీతలు లోపలికి ముడుచుకున్నాయి. పోలికి ముడుచుకునే చోటు లేదు. గద్ద ఎగిరిపోయాక ఇసుకలో పగిలిన పెంకు ఒక్కటే మిగిలింది.

వెంగమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే దానికి భరించలేని బాధ అయింది. అడవికి అడ్డం పడి నడిచింది. మూడు రోజులు నడిచి, రాకెట్టు లేచే చోటి చుట్టూ కట్టిన గోడ దగ్గరికి చేరింది. కోటయ్య కూర్చునేది ఆ గోడ మీదే.

"కోటయ్యా, నా సీటు నువ్వు కంటితో చూశావా?"

కోటయ్య తల వంచుకున్నాడు. "చూళ్ళేదు. ఈ గోడ మీది పావురం చెప్పింది. నేనూ నా కొలత ఇచ్చా. వరుసలో చోటు పోతుందేమోనని ఆరు నెలలుగా ఈ గోడకూ మీ ఒడ్డుకూ తప్ప ఎక్కడికీ ఎగరలేదు."

వెంగమ్మ అతని రెక్కల వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"రెక్కలున్నోడివి, నువ్వు కూడానా!" అంది. వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది.

ఒడ్డు చేరేసరికి మూడో గుల్ల వచ్చి పడి ఉంది. వరుస సిద్ధంగా ఉంది. అప్పుడే అడవి అవతల నేల దడదడలాడింది. కోటయ్య పైనుంచి అరిచాడు.

"వెంగమ్మా! ఈసారి నిజమంట! పేర్లు పిలుస్తున్నారంట! నా వీపెక్కు, ఎగిరిపోదాం!"

వెంగమ్మ కాళ్ళు అటు లాగాయి. గుండె అటే లాగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. వరుసలో చివరి చోటు ఖాళీగా ఉంది.

ఇరుకు గుల్లలోంచి వెంగమ్మ అతి కష్టం మీద ఒళ్ళు లాక్కుని కొత్త గుల్లలో దూరింది. దాని గుల్లలోకి అంకమ్మ. అంకమ్మ గుల్లలోకి అన్న. అన్న గుల్లలోకి తమ్ముడు. రాకెట్టు మబ్బు దాటేలోపు అందరికీ ఇల్లు దొరికింది.

తమ్ముడు వదిలిన బుల్లి గుల్ల ఇసుకలో మిగిలిపోయింది. ఎక్కడా పగుల్లేదు. సరిగ్గా పోలి కొలత. దాంట్లో దూరడానికి ఎవరూ లేరు.

"కదలడానికి ఇంతసేపేగా పట్టింది!" అని వెంగమ్మ ఆ గుల్ల పక్కన కూలబడి బావురుమంది.

ఇప్పటికీ రాకెట్టు లేస్తే వెంగమ్మ తలెత్తి చూస్తుంది, పోవాలనే అనుకుంటుంది. గుల్ల ఒడ్డున పడిన రోజు మాత్రం ఆకాశం వైపు చూడదు. ముందు ఇల్లు మారుతుంది.

నీతి: ఆకాశానికి ఆశపడటం తప్పు కాదు. ఆ ఆశతో నీ వెనకున్న వాళ్ళ దారికి అడ్డు నిలబడటం తప్పు.