పతకాల బోయీలు, పెట్టెమీద వేగం

రాజులకీ కంప్యూటర్లకీ పొత్తేమిటని అడిగేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఏటిగడ్డ సంస్థానంలో రెండూ ఉండేవి. నమ్మినవాళ్ళే వినండి.

ఆ సంస్థానాన్ని ఏలే నరసభూపతి ఒకరోజు నిండుసభలో విసుక్కున్నాడు. కచేరీలోని కంప్యూటరు ఆయన జాతకచక్రం వేసేసరికి నోట్లో తాంబూలం కాస్తా పిప్పి అయిపోతోందట.

"దీన్ని పరుగెత్తించే మొనగాడు ఎవడూ లేడా?"

ఆస్థాన యంత్రవిశారదుడు విరూపాక్షం లేచాడు. పదివేళ్ళకీ ఉంగరాలు, మెడలో ఉత్తరీయం, మాట్లాడితే గొప్పలు.

"ఎందుకు లేడు ప్రభూ! అందులో ఉన్నది ఇరవైనాలుగు వందల వేగం మెమొరీ. పట్నం నుంచి మూడువేల ఆరువందలది తెప్పిస్తాను. ఆ అంకె పెట్టెమీదే అచ్చువేసి ఉంటుంది. బిగించిన మరుక్షణం మీ యంత్రం గుర్రమైపోతుంది."

తెప్పించాడు. బిగించాడు. జాతకం వేయమన్నారు. మళ్ళీ తాంబూలం పిప్పి అయ్యేదాకా పట్టింది.

రాజుగారి మీసం వణికింది. విరూపాక్షం తక్కువ తిన్నాడా? కంప్యూటరు నడిపే గుమస్తా దాలయ్య మీదికి వేలు చూపించాడు.

"సరుకు మేలైనది ప్రభూ. నడిపేవాడు బద్ధకస్తుడు. వేగాన్ని తొక్కిపట్టాడు."

దాలయ్యది ముప్పయ్యేళ్ళ నౌకరీ. ఒక్కనాడు ఆలస్యంగా వచ్చి ఎరగడు. పాపం, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఏలినవారు చిత్తగించాలి. మెమొరీ మంచిదే. కానీ దాన్ని బిగించిన బోర్డు ఎంత వేగం అడిగితే అది అంతే ఇస్తుందండి. లోపల సెట్టింగు మార్చి వేగం పెంచితే తప్ప మూడువేల ఆరువందలన్నది ఉత్త రాతే. ఆ సెట్టింగు ముట్టుకోవద్దని..."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" అన్నాడు విరూపాక్షం. సభ గొల్లుమంది.

"సాయంత్రంలోగా రుజువు చూపించు. లేకపోతే రేపటినుంచి పనిలోకి రాకు" అన్నాడు రాజు.

దాలయ్య మాట సగంలో మింగాడంటే కారణం ఉంది. ముట్టుకోవద్దన్నది సాక్షాత్తూ రాజుగారే. కిందటేడు బోయీలు హుషారెక్కి పల్లకీ పరుగెత్తిస్తే ఆయన తిన్న గారెలు గొంతుదాకా వచ్చాయి. ఆ కోపంలో "కోటలో ఏదీ పెట్టిన వేగం దాటరాదు" అని శాసనం వేయించి, వేయించిన సంగతి తానే మరిచిపోయాడు. ఆ శాసనం పల్లకీకీ తగిలింది, కంప్యూటరుకీ తగిలింది. తప్పు తమదేనని రాజు మొహాన చెప్పే గుండె ఎవరికుంటుంది? నాకైతే లేదు.

నాంచారికి ఉంది. రాజుగారికి తాంబూలం అందించే మనిషి ఆమె. చిలకలు చుడుతూనే మెల్లిగా అంది:

"ప్రభూ, ఇంత మేలైన సరుకు తెచ్చిన పండితులవారిని ఊరికే నిలబెట్టడం మర్యాదా? పల్లకీలో మామిడితోపు దాకా పంపండి. బోయీలుగా మన పరుగుపందేల వీరులు నలుగురినీ పెడదాం, మెడలో పతకాలతో సహా."

విరూపాక్షం మొహం చేటంత అయింది.

"పండితులవారూ, రాజుగారు నడిచి వస్తారనుకోండి. మీరు ముందు చేరతారా, వారా?"

"పిచ్చిదానా, ఆ పతకాలు చూడు! తోపులో నేనే వారికి ఎదురొచ్చి స్వాగతం చెబుతాను."

రాజు సరదాపడి చెప్పులు తొడుక్కున్నాడు. నాంచారీ, కళ్ళనీళ్ళతో దాలయ్యా ఆయన వెంట నడిచారు.

పల్లకీ లేచింది. ముందు నడిచే సింహాద్రి "ఓ...హోం" అని కేకవేశాడు. వీరులు ఒక అడుగు వేశారు. కాసేపాగి మళ్ళీ "ఓ...హోం" అన్నాడు. మరో అడుగు.

"పరుగెత్తండ్రా!" అని అరిచాడు విరూపాక్షం.

"కేక పడితేగాని అడుగెయ్యకూడదండి" అన్నారు వీరులు.

"అయితే కేక జోరుగా వెయ్యరా!"

"ఇంతకన్నా జోరు వద్దని శాసనమండి బాబూ" అన్నాడు సింహాద్రి.

వెనకనుంచి ఒక ముసలి గేదె వచ్చి, పల్లకీలోకి తొంగిచూసి, దాటి వెళ్ళిపోయింది.

వీళ్ళు తోపు చేరేసరికి రాజుగారు రెండు మామిడిపళ్ళు తిని చేతులు కూడా కడుక్కున్నారు. నాంచారి బుగ్గన వేలేసుకుంది.

"చూశారా ప్రభూ! మోసేవాళ్ళు బద్ధకస్తులు. వేగాన్ని తొక్కిపట్టారు. పతకాలు లాగేయించండి."

విరూపాక్షం అసలే ఉడికిపోతున్నాడు. పల్లకీలోంచి ఒక్క దూకు దూకాడు.

"నోరు ముయ్యి! వీళ్ళ కాళ్ళకేం తక్కువ? గాలిలా పోగలరు. ముందు కేక నెమ్మదిగా పడుతుంటే ఎంతటి వీరుడైనా ఏం చేస్తాడు? మెడలో పతకాన్ని చూసి పల్లకీ పరుగెడుతుందా?"

నాంచారి వెనక్కి తిరిగింది.

"దాలయ్యగారూ, కళ్ళు తుడుచుకోండి. మీ రుజువు పండితులవారే చెప్పేశారు. ఈ కేకకి అడ్డుపడ్డ శాసనమే కదా, మీ సెట్టింగుకీ అడ్డుపడింది!"

రాజు ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయితే అక్కడ కంప్యూటరుకి ఓహోం అంటున్నది నేనేనన్నమాట!"

"ఆ మాట నేననలేదు ప్రభూ" అంది నాంచారి.

రాజు తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు. భుజాన ఉన్న శాలువా దాలయ్యకు కప్పాడు.

"శాసనం రద్దు! దాలయ్యా, ఆ సెట్టింగు నువ్వే మార్చు. పొగ వస్తే మాత్రం ఆపేయ్. ఒరే సింహాద్రీ, పండితుణ్ణి ఇదే పల్లకీలో ఇంటిదగ్గర దింపిరా. ఈసారి కేక నీ ఇష్టం!"

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు. నలుగురు వీరులూ పంచెలు బిగించారు.

విరూపాక్షం కోసం చూస్తే ఆయన అప్పటికే ఉంగరాల చేతులతో పంచె ఎగ్గట్టి, ఎవరూ కేక వేయకుండానే, గేదెను దాటి పోతున్నాడు.