నడిమి సాలు

1986వ సంవత్సరం, ఆషాఢ మాసం. వానలు వెనకబడిన ఆ ఏడు ఓబులేసు తన గురువు నాగలింగస్వామిని ఒక మాట అడిగాడు. "స్వామీ, తనలో ఉన్నది నమ్మకమో మొండితనమో మనిషికి ఎట్ల తెలుస్తుంది?"

ఊరికే అడిగింది కాదు. అతని కనకాంబరం తోటలో ఆకులు పాలిపోయి, ఎదుగుదల ఆగి, చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. కంటికి ఆనని నులిపురుగులు వేళ్లలో చేరి, చెట్టు తినవలసింది తాము తింటున్నాయి. ఊళ్లో అప్పటికే రెండు తోటలు అట్లాగే పోయాయి. ఇదీ పోతే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. వేపపిండీ, బంతి ఆకూ వేరూ దంచి నానబెట్టి, వడకట్టిన పసరు మొదళ్లలో పోస్తే ఆ పురుగు అణుగుతుందని గురువు ఎప్పుడో చెప్పాడు. ఓబులేసు ఆ మాట పట్టుకుని తొట్లు నింపాడు. పక్క చేని మద్దిలేటి గట్టు మీద నిలబడి, "పసరు తాగించి పురుగుకు జ్వరం తగ్గిస్తావేం ఓబులేసూ?" అని రోజూ నవ్వేవాడు.

నాగలింగస్వామికి ప్రశ్న వినగానే బదులు చెప్పే అలవాటు లేదు. కండువా దులుపుకుని లేచి నేరుగా తోటకు నడిచాడు.

"అన్ని సాళ్లకూ పసరు పొయ్యి. ఒక్క సాలుకు మాత్రం వట్టి నీళ్లు పెట్టు. ఏ సాలో నువ్వే చెప్పు."

ఓబులేసు ఆలోచించలేదు. తుమ్మచెట్టు నీడలో సగం ఎండిన చివరి సాలు దగ్గరికి పోయి నిలబడ్డాడు. "ఇది స్వామీ. ఇదెట్లాగూ బతికేది కాదు."

గట్టు మీద మద్దిలేటి పకపకా నవ్వాడు. "అది చస్తే తుమ్మచెట్టు చంపిందంటా నేను!"

గురువు మద్దిలేటి వైపు చూసి మెచ్చుకున్నట్టు తల ఊపాడు. తర్వాత తోట నడుమకు పోయి, అన్నిటికంటే గుబురుగా, విరగబూసి ఉన్న సాలు దగ్గర ఆగాడు.

పూలు కోస్తున్న ఓబులేసు భార్య సుంకులమ్మ చప్పున అడ్డం వచ్చింది. "దాని జోలికి మాత్రం రావద్దు స్వామీ. పొద్దున్నే నా ఒడి నిండేది ఈ సాలుతోనే."

"అందుకే తల్లీ" అన్నాడు గురువు.

ఆమె ఒడిలోని పూలు సర్దుకుంది. ఆనక మొగుడి వైపు తిరిగింది. "పసరు పని చేస్తుందని నాలుగు నెలల నుంచి నా చెవులు తినేస్తివే. నిజంగా నమ్మితే దీన్ని వదులు. లేదంటే ఆ తొట్లు ఇప్పుడే బోర్లించు."

ఓబులేసు తొట్లు బోర్లించలేదు. నడిమి సాలు మొదట్లో కట్టె పాతి గుడ్డపేలిక కట్టాడు.

శ్రావణం వెళ్లేసరికి ఆ సాలు ఆకు పసుపు తిరిగింది. ఒక పొద్దున సుంకులమ్మ చూస్తుండగానే అతను పసరు చెంబుతో అక్కడ వంగాడు. "పొయ్యి, పొయ్యి. మద్దిలేటి చూడ్డంలేదులే" అందామె. అతను చెంబు పట్టుకుని పక్క సాలుకు పోయాడు.

కార్తీకంలో గురువు మళ్లీ వచ్చాడు. అప్పటికే ఎండినవి లేవలేదు గానీ, పసరు తాగిన సాళ్లన్నీ చిగుర్లేశాయి. తుమ్మచెట్టు కింది సాలు కూడా పూసింది. గట్టు దిగివచ్చిన మద్దిలేటి తన చేత్తోనే నడిమి సాలులో ఒక చెట్టూ, తుమ్మ కింద ఒక చెట్టూ పీకాడు. మొదటిదాని వేళ్లు పూసలు గుచ్చినట్టు బుడిపెలతో ఉన్నాయి. రెండోదాని పాత వేళ్ల పక్కన కొత్త వేళ్లు తెల్లగా, నున్నగా దిగాయి. రెండింటినీ చాలాసేపు తిప్పి చూసి, "బంతినారు ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు.

అతను వెళ్లాక ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పసరు సంగతి తేలింది స్వామీ. నా ప్రశ్నకే మీరు బదులు చెప్పలేదు."

"ఆ రోజు నువ్వు మొదట ఏ సాలు దగ్గర నిలబడ్డావు ఓబులేసూ?" అని గురువు కండువా భుజాన వేసుకున్నాడు.

నడిమి సాలు మొత్తం పీకి కాల్చేశారు. ఆషాఢంలో ఆ తోటలోకెల్లా మంచి చెట్లు అవే.