వేప బిరడా

"అవ్వా, నా కోపం ఎప్పుడు పోతాది?"

సుంకన్న ఈ మాట అడగడం అది మొదటిసారి కాదు. మూడేళ్లుగా అమావాస్యకొకసారి, పున్నానికొకసారి అడుగుతూనే ఉన్నాడు. కంబగిరమ్మ అవ్వ కూడా ప్రతిసారీ జవాబు చెప్పకుండా ఏదో ఒక పని చెప్పి పంపేస్తూనే ఉంది. ఒకసారి కట్టెలు కొట్టమంది. ఒకసారి రాగులు చెరగమంది. ఈసారి చేటలో రాళ్లేరుతూ తల కూడా ఎత్తలేదు.

"ముందు బండి నూనె సంగతి చూడు నాయనా," అంది.

బేతంచెర్ల దాటాక నాపరాళ్ల క్వారీల నడుమ ఉంటుంది అవ్వ సత్రం. సత్రం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు రేకుల కొట్టాలు, ఒక పొయ్యి, నాలుగు కడవలు. అవ్వ వయసులో ఉన్నప్పుడు తానూ బండలు మోసిన మనిషే. ఆమె గురువు పోతూ పోతూ ఆమెకు మంత్రం చెప్పలేదు. ఒక కడవ చేతికిచ్చి, "ఇది ఖాళీగా ఉండనీయొద్దు," అన్నాడట. ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నం ఎండలో క్వారీలోకి అంబలి మోస్తూనే ఉంది. కాళ్లు మొరాయించాక ఆ పని ఒక పాత పికప్ బండికి వచ్చింది. ఎవరో క్వారీ ఆసామి దానమిచ్చాడు. అమ్మకానికి పెడితే నవ్వుతారని తెలిసి దానమిచ్చాడని కిట్టనివాళ్లు అంటారు.

ఆ బండిని నడిపేది, తుడిచేది, తిట్టుకునేది సుంకన్న. పద్దెనిమిదేళ్లు బండల లారీ నడిపినవాడు. అన్నేళ్లు స్టీరింగు పట్టినవాడికి సగం మెకానిక్కు పని దానంతటదే వస్తుంది. చిక్కంతా ఆ సగంతోనే.

సుంకన్న కోపానికి ఒక కథ ఉంది. చుట్టుపక్కల అందరికీ తెలుసు, అతను మాత్రం ఎవరికీ చెప్పడు. అతని తమ్ముడు మద్దిలేటి క్వారీలో బండ జారి మీద పడి పోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. ఆ రోజు పని చేయిస్తున్న మేస్త్రి బజారప్ప. సంగతి తెలిసి సుంకన్న లారీ దిగాడు, జాకీ రాడ్డు తీశాడు, బజారప్ప కనుబొమ్మ మీద కొట్టాడు. నాలుగు కుట్లు పడ్డాయి. పెద్దమనుషులు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేశారు. సుంకన్న లారీ తాళాలు ఓనరుకిచ్చి, నేరుగా అవ్వ దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"ఇంక నోరెత్తను, చెయ్యెత్తను, వాని పేరెత్తను," అని ఆమె చేతిలో చెయ్యి వేశాడు.

"ఏదీ ఎత్తకపోతే కడవ ఎవరెత్తుతారు నాయనా?" అంది అవ్వ. ఆ పూటకు అంతే.

సుంకన్న మాట మీద నిలబడ్డాడు. మూడేళ్లలో అతను అరవగా విన్నవాళ్లు లేరు. కానీ అతని చేతిలో గరిటెలు వంగిపోయేవి. తలుపు గడియ రెండుసార్లు ఊడొచ్చింది. గరిటెలు వంచకూడదని ఒట్టు పెట్టుకుంటే అన్నం సయించడం మానేసింది. మెతుకు లెక్కపెట్టి మరీ తింటానని ఒట్టు పెట్టుకుంటే నిద్ర పట్టడం మానేసింది. రోజూ క్వారీలో బజారప్పకు అంబలి పోయాల్సిందే కదా. గ్లాసు అతని పక్కన బండ మీద పెట్టి, మొహం చూడకుండా ముందుకు పోయేవాడు.

ఇక బండి సంగతి.

మొదట కారింది ఇంజను నెత్తిమీది కవరు దగ్గర. సుంకన్న కర్నూలు వెళ్లి, చచ్చిన బండ్లను ముక్కలు చేసి అమ్మే గుజిరీ అంగడిలో అలాంటి పికప్‌నే ఒకదాన్ని వెతికి పట్టుకున్నాడు. దాని కవరు విప్పి తెచ్చి, కొత్త ప్యాకింగు వేసి బిగించాడు. పైన ఆరిపోయింది. రెండు వారాలకు ముందుపక్క టైమింగ్ కవరు చెమ్మగిల్లింది. మళ్లీ కర్నూలు, మళ్లీ ఇంకో చచ్చిన బండి. అదీ మార్చాడు. ఈసారి అడుగున నూనె నిలవుండే ఛాంబరు అంచు వెంట నూనె కారింది. ఛాంబరు వంగిందేమోనని దాన్నీ మార్చాడు. అది మార్చిన మూడో నాటికి వెనకపక్క సీలు వదిలేసింది.

"మూడు బండ్ల పీనుగులు తెచ్చి దీనికి అతికించినా గదవ్వా," అన్నాడు సుంకన్న, పళ్లు బిగబట్టి. "మంచి సామాన్లే. నేనే ఏరి తెచ్చినా. ఈడ మూస్తే ఆడ కారుతాంది."

"అట్లనా," అంది అవ్వ.

గురువారం నాడు కొంప మునిగింది. కోసిన బండలు పరిచిన చోట బండి ఆపి అంబలి పోస్తుంటే, కింద నూనె పడింది. నాపరాయి నూనె తాగిందంటే ఇక కక్కదు. ఎంత తోమినా నల్ల మరక అట్లాగే ఉంటుంది. నాలుగు బండలు పాడయ్యాయి.

బజారప్ప వంగి చూశాడు. లేచి అవ్వతో అన్నాడు, సుంకన్నతో కాదు.

"అవ్వా, ఓనరు నన్ను తిడతాండు. సోమవారం నుంచి ఒక్క సుక్క పడినా బండి గేటు లోపలికి వద్దంటాండు. నా చేతిలో ఏం ల్యా."

గేటు నుంచి బండలు తీసే గుంత దాకా మైలు దూరం. పనివాళ్లకు దొరికేది అర్ధగంట. పోయి రావడానికే చాలదు, ఇక తినేదెప్పుడు? నలభై మంది కడుపులు ఆ ఒక్క చుక్క మీద ఆధారపడ్డాయి. సుంకన్న దవడలు బిగుసుకున్నాయి. సత్రానికి వచ్చేదాకా గేరు రాడ్డును పగవాడి మెడ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

శుక్ర, శనివారాలు బండి కిందే గడిపాడు. వెనక సీలు మార్చాడు. అది నిలిచింది. పైన మళ్లీ మొదటి కవరే తడిసింది. ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడికే వచ్చాడు. బండి కింద నుంచి లేచి వచ్చినప్పుడు అతని కళ్లు చూసి సత్రం కుక్క అవతలికి పోయి పడుకుంది.

ఆదివారం పొద్దున అవ్వ సంగటికి ఎసరు పెట్టింది. నూకలు పోసింది. పోసి, కడవ మీద మూత పెట్టి, ఆ మూత మీద రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి అంత రాయి ఎత్తుతుంటే సుంకన్న పరుగున వచ్చాడు.

"ఇదేందవ్వా?"

"పొంగి కారిపోతాది గదా నాయనా. కారగూడదని."

సుంకన్నకు అర్థం కాలేదు. యాభై ఏళ్లుగా కడవ వార్చిన మనిషి, ఎసరు మీద పొత్రం పెట్టడమేమిటి? అతను చూస్తుండగానే మూత అంచున ఒకచోట గంజి బుసబుసమంటూ చిమ్మింది. అవ్వ తాపీగా రాగిపిండి ముద్ద తీసి అక్కడ మెత్తింది. అటుపక్క చిమ్మింది. అటు తిరిగి అక్కడా మెత్తింది. ఈసారి వెనక చిమ్మింది.

"మూత పాతదైపోయింది," అంది అవ్వ, ఎంతో ఆలోచించినదానిలా. "అటక మీద పగిలిన కడవది మంచి మూత ఉంది. తే నాయనా."

తెచ్చాడు. ఇద్దరూ కలిసి మార్చారు. మళ్లీ పొత్రం ఎక్కించింది. మళ్లీ చిమ్మింది.

"ఇదీ లాభం ల్యా. ఇంటెనక సొట్టకడవది ఇంకోటి ఉంటాది చూడు."

అదీ తెచ్చాడు. గంజి చిమ్మి పొయ్యిలో పడి, సగం మంట ఆరి, కొట్టం నిండా పొగ కమ్మింది. అవ్వ మాత్రం పిండిముద్ద పట్టుకుని కడవ చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆమె చేతి మీద వేడి గంజి పడడం చూశాడు సుంకన్న. అతని ఓర్పు తెగింది.

"అవ్వా! మూతలు ఎన్ని మారిస్తే ఏం లాభం? మూతలదేం తప్పు? లోపలుండే ఆవిరి పోయేదానికి దావ ల్యాక పోతే అది..."

ఆగిపోయాడు.

మూడేళ్లలో ఆ సత్రంలో అతని గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదటిసారి. రేకుల మీది కాకులు లేచిపోయాయి. అవ్వ మొహం చూస్తే, పిలవని చుట్టం చేతినిండా పండ్లతో వచ్చినంత సంబరంగా ఉంది. ఆమె పొత్రం దించి, మూత కింద తెడ్డు ఒకటి అడ్డం పెట్టి, పొయ్యి ఊదుకోవడానికి కూర్చుంది.

సుంకన్న మెల్లగా బండి దగ్గరికి నడిచాడు. బానెట్ ఎత్తాడు. ఇంజను పక్క నుంచి కిందికి దిగే వేలి లావు పైపు ఒకటి ఉంది. ఇంజను ఆవిరి బయటికి వదిలే పైపు అది. దాని మూతికి ఒక వేపకట్టె బిరడా. నూనె తాగి తాగి నల్లగా ఉబ్బి ఉంది.

ఆ బిరడా కొట్టింది అతనే. సత్రానికి వచ్చిన మొదటి వారంలో. ఆ పైపు నుంచి అప్పుడప్పుడు ఒక చుక్క జారి అవ్వ ముగ్గు మీద పడుతోందని, వేపకొమ్మ చెక్కి సుత్తితో దిగ్గొట్టాడు. ఈ సత్రంలో తాను చేసిన మొదటి రిపేరు అదేనని వచ్చినవాళ్లకల్లా చెప్పుకున్నాడు కూడా. "ఆ పైపు యాడికి పోతాది నాయనా?" అని అవ్వ ఆ రోజు అడిగింది. "యాడికీ పోదవ్వా, ఊరికే కారుతాంటాది," అని తాను చెప్పాడు.

కట్టింగ్ ప్లేయరుతో పట్టి లాగితే బిరడా ఒక పట్టాన రాలేదు. వచ్చాక ఇంజను స్టార్ట్ చేశాడు. పైపు లోంచి బుస్సుమని పొగ వచ్చింది. కాసేపటికి ఆ పొగ సన్నగిల్లి, ఊపిరిలా ఒక లెక్కగా ఆడింది. ఇంజను కింద పాత పేపర్లు పరిచి, బండిని గంటసేపు నిలబెట్టి నడిపాడు. కవరు ఆరింది. ఛాంబరు ఆరింది. సీలు ఆరింది. పైపు మూతి దగ్గర మాత్రం ఎప్పుడో ఒక చుక్క పడుతోంది.

అవ్వ వచ్చి అతని పక్కన కూర్చుంది. చేతిలో ఒక కొబ్బరి చిప్ప, కొంచెం బైండింగు తీగ.

"దానికి ఇది కట్టు."

కట్టాడు. చుక్క చిప్పలో పడింది.

"అవ్వా, నీకు ముందే తెలుసా?"

"నాకు ఇంజన్లేం తెలుసు నాయనా. నాకు కడవలు తెలుసు."

సుంకన్న బిరడాను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని కింద పెట్టాడు.

"మా తమ్ముని పేరు మద్దిలేటి, అవ్వా."

అవ్వ తల ఊపింది. ఊరందరికీ తెలిసిన ఆ పేరును అప్పుడే కొత్తగా విన్నట్టు విన్నది.

"ఏం తింటుండె?"

"ఉగ్గాని. మిరపకాయ బజ్జీ ఉంటే ఇంగ పండగే."

"బొరుగులు ఉన్నాయా మనకాడ?"

"రెండు మూటలు ఉన్నాయి."

"రేపు అదే తీస్కపోదాం," అని అవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది.

సోమవారం గేటు దగ్గర బజారప్ప బండిని ఆపాడు. వంగాడు. ఇంజను కింద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి చూసుకున్నాడు. పొడిగా ఉంది. పైపు కింద వేలాడుతున్న కొబ్బరి చిప్పను చూసి నవ్వు ఆపుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు.

గుంత దగ్గర పనివాళ్లంతా వరసగా కూర్చున్నారు. అంబలి బదులు తాళింపు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చూసి, ఏం పండగని అడిగారు. అవ్వ వడ్డిస్తోంది, సుంకన్న ప్లేట్లు అందిస్తున్నాడు. బజారప్ప వంతు వచ్చింది. రోజూలాగే అతను తన పక్కన బండ మీద చోటు చూపించాడు. సుంకన్న అక్కడ పెట్టలేదు. ప్లేటు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. బజారప్ప తలెత్తి చూసేదాకా నిలబడి, అప్పుడు చేతికిచ్చాడు.

"మా మద్దిలేటికి ఇష్టం ఇది."

బజారప్ప కనుబొమ్మ మీది కుట్ల గీత కదిలింది. ప్లేటు వైపు చూశాడు.

"తెలుసు," అన్నాడు. "వాని బజ్జీ తినేసి, నా ప్లేట్లోది గూడా తీస్కుంటుండె."

"అడగకుండానా?"

"అడిగితే ఇస్తానని తెలుసు వానికి. అందుకే అడగడు."

సుంకన్నకు నవ్వొచ్చింది. అచ్చం వాడే. నవ్వు సగంలో ఉండగానే మొహం ముడుచుకుపోయి, కళ్ల వెంట నీళ్లు దిగాయి. నలభై మంది ముందు, పట్టపగలు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఏడ్చాడు. బజారప్ప కాస్త జరిగి బండ మీద చోటిచ్చాడు. తన ప్లేట్లోని బజ్జీని రెండు ముక్కలు చేశాడు.

సుంకన్న అతని పక్కన కూర్చుని, కండువా కోసం భుజం తడుముకున్నాడు. కండువా బండిలోనే మరిచిపోయాడు.

వడ్డించే గరిటె పక్కన పెట్టి, అవ్వ అతని దగ్గరికి వచ్చింది.

"ఉండు నాయనా," అంది. "చిప్ప తెస్తా."