వాగులోకి దిగిన విద్యాపీఠం

చేతకాని పనికి బిరుదు తగిలించుకుని తిరిగేవాడా, కాస్త నిలబడు. ఈ మాట నీకే. నవ్వడం తర్వాత, ముందు విను.

గుండ్లవాగు గట్టున జంతువులకో విద్యాపీఠం ఉండేది. దానికి పెద్ద ఒక ముసలి ఎద్దు. అక్కడ మబ్బుల పేర్లు, చుక్కల దారులు, ఉరుముల రకాలు నేర్పేవారు. అడవిలో ప్రతి ఇంటివారూ ఏటా ఒక గడ్డిమోపు పంపితే, దాంతో గురువులూ శిష్యులూ బతికేవారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండింది. మోపులు రావడం ఆగింది. ఎద్దే స్వయంగా అడగడానికి బయలుదేరితే, లేడి పొద బయటే నిలబెట్టేసింది.

"తాతా, మీ పిల్లలు మబ్బుల పేర్లు గడగడా చెబుతారు. సంతోషం. ఆ మబ్బే రాలేదు. నా బిడ్డ ఏం తాగాలి?"

ఎద్దుకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చి, మర్నాడు పాఠాలను వాగులోకి మార్చింది.

"ఇకనుంచి ఇసుకలో చెలమలు తవ్వడం నేర్చుకుందాం. గోడ ఏటవాలుగా తీయాలి. చుట్టూ తంగేడు కొమ్మలు అడ్డం పెట్టాలి, లేకపోతే ఇసుక జారుతుంది. తవ్వినదాంట్లో ముందు మనమే దిగి తాగాలి. ఆ తర్వాతే మెడలో మోదుగాకుల దండ. దండ ఉన్నవాడి చెలమనే జనం నమ్మాలి."

"మరి నా మబ్బుల పాఠం?" అంది కొంగ పంతులమ్మ దిగులుగా.

"సాయంత్రాలు చెప్పమ్మా. దాహం తీరినవాడు తల పైకెత్తి చూస్తాడు."

చెలమల్లో నీళ్లు ఊరాయి. తాగినవాళ్లు ఎండుగడ్డో, ఆకురొట్టో పంపసాగారు.

దండలు కట్టి వేసే పని నక్కది. ఒకరోజు అడవిపంది కాసిని పీతలు తెచ్చి దాని ముందు పెట్టింది.

"మామా, కొమ్మలు ఏరుకొచ్చే ఓపిక నాకు లేదు. ఒక దండ పడెయ్యవా?"

"చదువుకు కాలం పడుతుంది అల్లుడూ, ఆకుకు ఏం పడుతుంది? మెడ ఇలా పెట్టు."

పంది రెండు గుంతలు నిట్టనిలువుగా తీసింది. దాని మెడలో దండ చూసి, లేడి తన కూనను ఒకదాంట్లోకి దింపింది. గోడ జారింది. కూన మెడదాకా కూరుకుపోయింది. ఎద్దు పరుగున వచ్చి, గిట్టలతో ఇసుక తోసి బయటికి లాగింది. అదృష్టం, ఊపిరి ఉంది.

"ఆ దండను నమ్మాను తాతా," అంది లేడి. "ఇక మీ చెలమల దగ్గరికి ఎవరూ రారు. నేనే అందరికీ చెబుతాను."

ఆ నమ్మకం పోతే విద్యాపీఠం మూసుకోవడమే. ఎద్దు పంది వైపు తిరిగింది.

"నీకు దండ వేసిందెవరు?"

"నక్క మామ."

నక్క తడబడలేదు. "పరీక్ష చేసే వేశాను. దిగి తాగాను కూడా. పిల్లది గెంతి ఉంటుంది."

"అలాగా. నా ప్రాణం కుదుటపడింది," అంది ఎద్దు. "ఇతని రెండో గుంత అదిగో. అందరి ముందూ దిగి తాగు, లేడమ్మ భయం తీరుతుంది. అబద్ధమాడి ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పెయ్. తల వంచుకుంటే సరిపోతుంది."

అన్ని కళ్లూ నక్క మీదే ఉన్నాయి. పరువు అడ్డొచ్చింది. దిగింది. మూతి నీటికి తగిలేలోపే గోడ కూలింది.

అందరూ కలిసి నక్కను బయటికి లాగారు. లేడి కూడా ఒక చెయ్యి వేసింది.

పంది తన దండ తీసి ఎద్దు ముందు పెట్టి, "మొదటి పాఠం నుంచి చెప్పు తాతా" అంది. మర్నాడు లేడి గడ్డిమోపుతో పాటు కూననూ పంపింది, చదువులో చేర్చుకోమని.

రాని విద్యకు దండ వేసినవాడు, నమ్మి వచ్చినవాడి ప్రాణానికి గొయ్యి తీసినట్టే. ఇసుక బరువుకు విరిగిన నక్క ముందుకాలు వంకరగా అతుక్కుంది. కొలువు పోయింది, వేటాడే చురుకూ పోయింది. చచ్చేదాకా అది ఇతరులు తిని వదిలిన ఎంగిలితోనే బతికింది.