తోడి రాగం, నాలుగు విజిల్స్

"ఒకే ఇల్లు, ఒకే గురువు, ఒకే గంట సాధన. ఆయన కమానుకి కుదిరింది నా కమానుకి ఎందుకు కుదరటం లేదమ్మా?"

ప్రసూన ఈ ప్రశ్న ఒక మంగళవారం పొద్దున్నే అడిగింది. ఫిడేలు ఇంకా పెట్టెలోంచి తియ్యలేదు. ఆమె భర్త శశిధర్ పక్కనే కూర్చుని తీగ సవరించుకుంటున్నాడు. ప్రశ్నలోని "ఆయన" తనేనని అర్థమై చెయ్యి ఆపాడు. కాకినాడలో వకుళమ్మ గారి మేడమీది గదిలో ఆ వేళకి పాఠానికి వచ్చేది మేం ముగ్గురమే. మూడోదాన్ని నేను. నాకు సంగీతం పెద్దగా అబ్బలేదు కాబట్టి చుట్టూ జరిగేది చూసే తీరిక ఉండేది.

ప్రశ్న ఊరికే పుట్టలేదు. భార్యాభర్తలిద్దరూ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆమె ఫిజిక్స్, అతను లెక్కలు. పెళ్ళికి ముందు నుంచీ ఇద్దరూ వకుళమ్మ గారి శిష్యులే. రేడియోలో వాయించే అర్హత కోసం పెట్టే ఆడిషన్‌లో శశిధర్ మొదటిసారికే నెగ్గాడు. ప్రసూన రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ వచ్చిన మాట ఒకటే: జ్ఞానం ఉంది, రాగ విస్తారం చేసేటప్పుడు మనసు ఒకచోట నిలవటం లేదు. మూడో ఆడిషన్‌కి పన్నెండు రోజులుంది. ఈసారీ రాకపోతే ఫిడేలు అటకెక్కించేస్తానని ఆమె ఇంట్లో చెప్పేసింది. ఆమె ఊరికే మాటలనే మనిషి కాదు.

శశిధర్ నొచ్చుకున్నాడు. "నా వల్ల లోటేమన్నా ఉందా అమ్మా, మీరే అడగండి. కూరలు తరుగుతాను. గిన్నెలు తోముతాను. పాపని స్కూలు బస్సు ఎక్కిస్తాను. తను ఏది చెబితే అది చేస్తాను."

"చేస్తారమ్మా," అంది ప్రసూన. "అబద్ధం చెప్పకూడదు. నాకు తిట్టడానికి కూడా ఏమీ దొరకదు. అదే ఇంకా చిరాకు."

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు వకుళమ్మ గారికి లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ఒకసారి ఒకాయన అహంకారం ఎలా పోతుందని అడిగితే, నెలరోజులు పక్కవాద్యంగా వాయించమన్నారు. ఆయన రెండో వారంలో మానేశాడు. ఆ మంగళవారం కూడా అంతే. లేచి వంటింట్లోకి వెళ్ళి, చిన్న కుక్కర్‌లో కందిపప్పు పోసి, నీళ్ళు పోసి, స్టవ్ మీద పెట్టి వచ్చారు. వంటింటికీ మేం కూర్చునే గదికీ మధ్య తలుపు లేదు.

"శశీ, నాలుగు విజిల్స్ రాగానే లేచి కట్టెయ్యి. ప్రసూనా, ఆ పని నీది కాదు. నువ్వు వినకు. ఇద్దరూ తోడి అందుకోండి. కాసేపు అతను, కాసేపు నువ్వు." అని చెప్పి పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

శశిధర్ మొదలుపెట్టాడు. చక్కగా వాయించాడు. కాదనడానికి లేదు. కళ్ళు మూసుకుంటే అతనికి ఇక లోకం లేదు. అతను గాంధారం మీద ఊగుతుండగా మొదటి విజిల్ వచ్చింది. అతని కనురెప్ప కూడా కదల్లేదు. ప్రసూన మోకాలు కదిలింది. కాసేపటికి రెండోది బుస్సుమని సగంలోనే ఆగింది. ఆమె వంతు వచ్చింది. కమాను బాగానే వేసింది. మూడో విజిల్‌కి చూపు వంటింటివైపు పోయింది. నాలుగోదానికి మధ్యమం మీద నిలవాల్సిన కమాను చివరిదాకా పోకుండా తేలిపోయింది. భర్తవైపు చూసింది. అతను కళ్ళు మూసుకుని, ఆమె వాయిస్తున్న తోడికి తల ఊపుతున్నాడు. అయిదోది కూడా వచ్చాక ఫిడేలు పక్కన పెట్టి, వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది.

వకుళమ్మ గారు బాల్కనీ నుంచే అడిగారు. "ఎన్నొచ్చాయి శశీ?"

అతను ఉలిక్కిపడ్డాడు. "మూడు... అనుకుంటానమ్మా."

"ప్రసూనా?"

"అయిదు. రెండోది సరిగ్గా రాలేదు."

"నిన్ను వినొద్దన్నాను కదే."

"వినలేదమ్మా. వినపడింది."

శశిధర్ చెవులు ఎర్రబడ్డాయి. భార్యతో, "ఒక్క మాట చెబితే నేనే వెళ్ళేవాణ్ణి కదా," అన్నాడు.

వకుళమ్మ గారు పేపరు పేజీ తిప్పారు. "నీకు చెప్పాలంటే తను లెక్కపెట్టాలి కదా నాయనా," అన్నారు. అంతే. ఆ రోజుకి పాఠం అయిపోయింది. ఉడికి ముద్దయిన పప్పులో నెయ్యి వేసి మా ముగ్గురికీ తలా ఒక ముద్ద పెట్టి పంపించారు.

మర్నాడూ కుక్కర్ ఎక్కింది. ఈసారి శశిధర్ పట్టుదలగా ఉన్నాడు. లెక్కల మాస్టారికి నాలుగు అంకెలు లెక్కపెట్టడం రాకపోవడం ఏమిటని రాత్రి ఇంట్లో అనుకున్నాడట. కళ్ళు తెరుచుకునే వాయించాడు. మొదటి విజిల్‌కి తల ఊపాడు, ఒకటి అన్నట్టు. ఆ తర్వాత రెండోది ఎప్పుడొస్తుందా అని చెవి అటు వేసేసరికి, పదేళ్ళుగా వాయిస్తున్న సంచారమే చేతికి అందలేదు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. మూడో విజిల్‌కి అపస్వరం పడింది. నాలుగోదానికి పరుగెత్తి కట్టేసి వచ్చి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఇలా వాయించడం నా వల్ల కాదమ్మా. ఒక చెవి అక్కడ పెట్టుకుని రాగం ఎలా వస్తుంది?"

జవాబు ప్రసూన చెప్పింది. కోపంగా కాదు, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"నేను పదకొండేళ్ళ నుంచి అలాగే వాయిస్తున్నాను."

కింద వీధిలో చేపలమ్మాయి కేక వినపడింది. ప్రసూన కమానుని గుడ్డతో తుడుస్తూ, ఎవరినీ చూడకుండా, ఇంకో మాట చెప్పింది. "పోయినసారి ఆడిషన్‌లో తలుపు వేసేశారు. ఎర్ర దీపం వెలిగింది. నేను ఎత్తుకున్నది కూడా తోడి రాగమే. మధ్యలో, పాప టిఫిన్ డబ్బాలో స్పూన్ పెట్టానా లేదా అనిపించింది. అక్కణ్ణించి ఏం వాయించానో నాకు తెలీదు."

"ఆ రోజు డబ్బా నేనే సర్దాను," అన్నాడు శశిధర్ మెల్లిగా.

"అవును. స్పూన్ పెట్టమని నేను చెప్పానా లేదా అని."

ఆ పూట ఇంటికి వెళ్ళేటప్పుడు ఇద్దరూ స్కూటర్ మీద మాట్లాడుకోకుండానే వెళ్ళారు. నేను పైనుంచి చూశాను. వాళ్ళ సంసారంలో వకుళమ్మ గారు పెట్టిన నిప్పు మంచికేనా అని నాకు అనుమానం వచ్చింది. ఆవిడకి రాలేదు. తరువాతి వారమంతా రోజూ కుక్కర్ పెడుతూనే ఉన్నారు. రోజూ అదే మాట: శశీ, నీది. ప్రసూనా, నీది కాదు. అతను కొన్ని రోజులు లెక్క తప్పాడు, కొన్ని రోజులు రాగం తప్పాడు. ఒకరోజు ఫోన్‌లో అలారం పెట్టుకుని రెండూ దక్కించుకున్నాడు. అయితే ప్రసూనకి ఆ అలారం కూడా అతనికంటే ముందే వినపడింది. ఆమె పరిస్థితి ఇంకా పాడైంది. వినకూడదని బిగబట్టి కూర్చోవడంతో భుజం పట్టేసి కమాను గీరుకునేది. "విన్నా తప్పే, వినకపోయినా తప్పే. మీరు నన్ను ఏం చెయ్యమంటారమ్మా?" అని ఒకరోజు ఏడుపు గొంతుతో అడిగింది. ఆవిడ, "తోడి వాయించమన్నాను," అన్నారు.

ఆడిషన్ రేపనగా, చివరి పాఠం. కుక్కర్ ఎక్కింది. మొదట శశిధర్ వాయించాడు, తర్వాత ఆమె అందుకుంది. అతను ఫోన్ మర్చిపోయి ఇంట్లో వదిలేసి వచ్చాడు. రెండు విజిల్స్ దాకా వేళ్ళు ముడుచుకుని లెక్కపెట్టుకోవడం నేను చూశాను. ఆ తర్వాత అతని వేళ్ళు విచ్చుకుపోయాయి. ఎందుకంటే ప్రసూన ఆ పూట ఎత్తుకున్న తీరు అలా ఉంది. మొదట్లో ఆమె కూడా బెదిరింది. నాలుగోదానికి కూర్చున్నచోటే ఒక అంగుళం లేచింది. నాకు బాగా గుర్తు, పాదం నేలకి ఆనింది, మడమ పైకి లేచింది. కమాను మాత్రం తీగ మీదే ఉంది. మళ్ళీ కూర్చుంది. అయిదు, ఆరు. మంద్రస్థాయిలోకి దిగింది. ఎనిమిది తర్వాత నేను కూడా లెక్క వదిలేశాను. ఇంకాసేపటికి కుక్కర్ కూత మానేసింది. అంటే నీళ్ళు ఇంకిపోయాయన్నమాట. అడుగంటిన వాసన గదిలోకి వచ్చింది. నేను లేవబోతే వకుళమ్మ గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

కింది వాటాలోంచి ఎవరో కేకేశారు. "పిన్నిగారూ, మీ ఇంట్లో ఏదో మాడుతోందండీ."

ప్రసూన ముక్కుపుటాలు అదిరాయి. వాసన ఆమెకి అందింది, కేకా అందింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది పొగకో, మరి దేనికో. కానీ గాంధారం మీద ఉన్న చెయ్యి చెక్కుచెదరలేదు. అక్కడే నిలిచి, ఊగి, ఆ ఊపులోంచి రాగాన్ని మెల్లగా మధ్యమం దాకా తీసుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె అక్కడ అంతసేపు ఆగడం నేను వినలేదు.

అప్పటికి శశిధర్‌కి స్పృహ వచ్చింది. లేచి వంటింట్లోకి పరిగెత్తాడు. స్టవ్ కట్టేసిన చప్పుడు, చెయ్యి కాలినట్టుంది, ఒక "అబ్బా", ఆ తర్వాత పంపు నీళ్ళు. కుక్కర్ కాస్త చల్లారాక మూత తీసినట్టున్నాడు. గరిటెతో అడుగు గీకుతున్న చప్పుడు వచ్చింది. అది రాగానికి ఏ మాత్రం కలవలేదు. ఆమె వాయిస్తూనే ఉంది.

గీకడం ఆగింది. వంటింట్లోంచి అతని గొంతు వినపడింది.

"ప్రసూనా, స్టీల్ పీచు ఎక్కడుంది?"

అది ఆమె ఇల్లు కాదు. ఆమె వంటిల్లు అసలే కాదు. అయినా ఎక్కడుందో ఆమెకి తెలుసు. తెలుసన్న సంగతి ఆమె మొహంలో కనపడింది. కమాను మధ్యమం మీదే వణికింది. పెదవులు విడివడ్డాయి.

వకుళమ్మ గారు చెయ్యెత్తి వారించారు.

"వెతుక్కోనీ. నువ్వు పంచమం అందుకో."